బిగుసుకునే కీళ్లతో బరువు తగ్గడం ఎలా?

నాకు 47 ఏళ్లు, నల్లగొండలో ఎరువుల దుకాణం. రోజంతా కుర్చీలోనే, బరువు 91 కిలోలు. ఉదయం పానగల్ ఉదయసముద్రం కట్ట మీద నడుస్తున్నాను. ఆయాసం తగ్గింది, పొట్ట మాత్రం కదలనంటోంది. వారానికి 150 నిమిషాల వేగపు నడకతో పాటు రెండు రోజులు కండరాలకూ పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అక్కడే నా చిక్కు. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగి పెరిగినవాణ్ని. మా ఊరికి కృష్ణా నీళ్లు వచ్చేసరికి నాకు పెళ్లయి పిల్లలు కూడా పుట్టారు. తెల్లవారితే నడుము, మోకాళ్లు కర్రల్లా బిగుసుకుంటాయి. డాక్టరు గారు "నడవండి చాలు" అని పంపేశారు. గుంజీలు తీయవచ్చా? లతీఫ్ సాహెబ్ గుట్ట మెట్లెక్కితే కీళ్లకు చేటా? మా వైపు వాళ్లెవరైనా ఇలాంటి ఒంటితోనే బరువు తగ్గి ఉంటే, ఏ వ్యాయామంతో మొదలుపెట్టారో చెప్పండి. తిండి సలహాలు వద్దు, రాత్రికి జొన్నరొట్టె ఇప్పటికే మొదలైంది.