ముందు నడిచినవాళ్ళ పాఠాలు కొత్త వ్యాపారికి నిజంగా పనికొస్తాయా?

లెక్కలపుస్తకం:

చిన్న వ్యాపారం పెట్టి నిలదొక్కుకున్నవాళ్ళని పిలిచి "మీరు నేర్చుకున్న పాఠాలు చెప్పండి" అని అడగడం ఈమధ్య బాగా ఎక్కువైంది. ఎవరి నోట విన్నా అవే నాలుగు మాటలు. ఓపిక పట్టండి, కస్టమరే దేవుడు, నమ్మినదాన్ని వదలొద్దు, ధైర్యం చేయండి. సూటిగా అంటున్నాను, వీటివల్ల కొత్తవాడికి ఒరిగేదేమీ లేదు. షట్టర్ దించేసినవాళ్ళు కూడా ఓపిక పట్టారు, అప్పు చేసి మరీ పట్టారు. కస్టమర్ని వాళ్ళూ దేవుడిలాగే చూసుకున్నారు. వాళ్ళకి మైకు ఇచ్చేవాడు లేడు కాబట్టి మనకి ఒకవైపు కథే వినిపిస్తోంది.

అమెరికా కార్మిక గణాంకాల శాఖ లెక్కల్లో, కొత్తగా మొదలైన వ్యాపారాల్లో సుమారు 20 శాతం ఏడాది తిరక్కుండానే మూతపడతాయి. ఐదేళ్ళు దాటేవి దాదాపు సగమే. 1990ల నుంచీ ఈ అంకెలు పెద్దగా కదల్లేదు. ఈలోగా ఎన్ని సలహాల పుస్తకాలు, ఎన్ని ఉపన్యాసాలు వచ్చి ఉంటాయి? పాఠాలకి అంత బలమే ఉంటే ఆ అంకెల్లో ఎక్కడో ఒకచోట కనబడాలిగా?

ఒప్పుకోనివాళ్ళు వాదించండి. "నాకు పనికొచ్చింది" అంటే చాలదు, ఏది ఎలా పనికొచ్చిందో చెప్పాలి.

మొండిఘటం:

అన్నీ లెక్కేసుకుని దిగుదామనుకునేవాడు గట్టు మీదే ఉండిపోతాడు. సాటి మనిషి చేసి చూపించాడన్న ధైర్యమే సగం పెట్టుబడి. ఆ కథలు లేకపోతే మనలో చాలామంది అసలు మొదలే పెట్టేవాళ్ళు కాదు. అంకెల్లో కనబడనివన్నీ లేనట్టేనా?

పాతషట్టర్:

లెక్కలపుస్తకం గారూ, మీ అంకెలతోనే పేచీ ఉంది. మూతపడ్డవన్నీ మునిగినవి కావు. బ్రయాన్ హెడ్ అనే ఆర్థికవేత్త 2003లో అమెరికా యజమానుల సర్వేలు పరిశీలిస్తే, మూసేసిన వ్యాపారాల్లో మూడో వంతు దాకా మూసేనాటికి బాగానే నడుస్తున్నాయని యజమానులే చెప్పారని తేలింది. మంచి రేటొస్తే అమ్మేసినవాడు, వయసు మీదపడి విశ్రాంతి తీసుకున్నవాడు కూడా మీ 50 శాతంలోనే కలిసిపోతారు.

ఇక అసలు సంగతి. మైకు ముందు చెప్పే పాఠాన్నీ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పే పాఠాన్నీ మీరు ఒకే గాటన కట్టేశారు. కెన్యాలోని నైరోబీలో, దండోరా అనే పేదల వాడలో చేసిన ప్రయోగం ఒకటుంది, 2018లో అచ్చయింది. కొత్తగా చిన్న వ్యాపారాలు పెట్టిన ఆడవాళ్ళలో కొందరికి తరగతి గదిలో వ్యాపార పాఠాలు చెప్పించారు. కొందరికి అదే వాడలో ఎప్పటినుంచో వ్యాపారం చేస్తున్న ఒక ఆవిడని జతచేశారు. మిగతావాళ్ళని వాళ్ళ మానాన వదిలేశారు. క్లాసులో కూర్చున్నవాళ్ళ లాభం పెరగలేదు. అనుభవమున్న మనిషి తోడు దొరికినవాళ్ళ లాభం సగటున 20 శాతం పెరిగింది. పాఠం పనికిరాదంటారా ఇంకా?

లెక్కలపుస్తకం:

ఆ ప్రయోగం నాకూ తెలుసు, అది నా వాదనకే బలం. ఆ 20 శాతం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పలేదు మీరు. ఓపిక పట్టమంటేనో, కలలు కనమంటేనో రాలేదు. సరుకు ఎవరి దగ్గర చవగ్గా దొరుకుతుందో ఆ పెద్దావిడకి తెలుసు, చెప్పింది. ఖర్చు తగ్గి లాభం పెరిగింది. దాన్ని పాఠమనరు, చిరునామా అంటారు!

పైగా ఇద్దరి కలయికలు తగ్గిపోయాక ఆ లాభమూ కరిగిపోయింది. అంటే ఆవిడ నేర్పింది జీవితాంతం నిలిచే జ్ఞానం కూడా కాదు, ఆ నెల మార్కెట్ సమాచారం. సరుకు ధర మారితే, సప్లయర్ మారితే మళ్ళీ అడగాల్సిందే.

కుట్టుమిషన్:

చిరునామా అని తీసిపారేయకండి. నా సంగతి చెప్తాను, ఏది ఎలా పనికొచ్చిందో చెప్పమన్నారుగా.

నాది బట్టలు కుట్టే పని. మొదట్లో ఒక సంస్థ నుంచి యూనిఫాంల ఆర్డర్ వచ్చింది. అప్పటిదాకా చేసిన పనికి ఎన్నో రెట్లు. ఈ లైన్లో నాకంటే ముందునుంచీ ఉన్న ఒక అక్కకి సంబరంగా ఫోన్ చేశాను. ఆవిడ శుభాకాంక్షలు చెప్పలేదు. "గుడ్డ వాడికి ఎన్నాళ్ళలో కట్టాలి? వీళ్ళు బిల్లు ఎన్నాళ్ళకి ఇస్తారు?" అంది. గుడ్డకి 15 రోజులు, బిల్లుకి 60 రోజులు అన్నాను. "మధ్యలో ఆ 45 రోజులు ఎవరు మోస్తారే? కుట్టేవాళ్ళకి వారం వారం ఇవ్వాలిగా. సగం అడ్వాన్సు చేతిలో పడేదాకా గుడ్డ మీద కత్తెర పెట్టకు" అంది.

అప్పుడు కాగితం తీసి వేసుకున్నాను. ఆర్డర్ మీద లాభం కళ్ళకి కనబడుతోంది, కానీ మూడో వారానికే కూలికి డబ్బు ఉండదు. ఆర్డర్ రెట్టింపైతే ఆ గుంత కూడా రెట్టింపు. గిరాకీ లేక పోయే కొట్లే కాదు, గిరాకీ ఎక్కువై పోయేవీ ఉంటాయని అప్పుడే తెలిసింది. అడ్వాన్సు అడిగాను, సణుక్కుంటూనే ఇచ్చారు. ఈ మాట ఏ సప్లయర్ చిరునామా? రొటేషన్ డబ్బు లెక్క ఎక్కడైనా, ఏ సరుకుకైనా ఒకటే.

లెక్కలపుస్తకం:

కుట్టుమిషన్ గారూ, ఈ మాటకి తలవంచుతాను. కానీ ఒకటి గమనించండి. మీ అక్క తన కథ చెప్పలేదు, మీ ఆర్డర్ గురించి రెండు ప్రశ్నలు అడిగింది. వేదిక మీద ఇది జరగదు. అక్కడ ఎవడి సొద వాడిదే.

రాత్రిడ్యూటీ:

నేను ఉద్యోగంలో ఉన్నాను, పక్కన చిన్నగా మొదలుపెట్టాలని ఆలోచన. నేను విన్న ప్రతి వ్యాపారస్తుడూ "ఉద్యోగం వదిలేస్తేనే పట్టుదల వస్తుంది, పడవలు తగలబెట్టెయ్" అంటున్నాడు. ఇది కూడా ఆ పనికిరాని పాఠాల్లోదేనా?

పాతషట్టర్:

పనికిరానిదే కాదు, ప్రమాదం కూడా. దీని మీద జోసెఫ్ రాఫీ, జీ ఫెంగ్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికా సమాచారంతో 2014లో రాశారు. ఉద్యోగం చేస్తూనే వ్యాపారం మొదలుపెట్టి, కుదిరాక పూర్తిగా మారినవాళ్ళు, ఒక్కసారిగా ఉద్యోగం వదిలి దూకినవాళ్ళకంటే చేతులెత్తేసే అవకాశం మూడో వంతు తక్కువని తేలింది. మొదట్నుంచీ జాగ్రత్తపరులే ఆ దారి పట్టి ఉండొచ్చు, ఆ ఆక్షేపణ ఉండనే ఉంది. అయినా పని నేర్చుకుంటున్నన్నాళ్ళూ జీతం వస్తుంటే తప్పేముంది? పడవలు తగలబెట్టి ఈది బయటపడ్డవాడే వేదిక ఎక్కుతాడు తమ్ముడూ.

(ఇక్కడ లెక్కలపుస్తకం గారితో ఏకీభవించినట్టైంది. కానివ్వండి.)

మొండిఘటం:

అందరూ కలిసి ధైర్యాన్ని ఏదో జబ్బులా మాట్లాడుతున్నారు. పరిశోధనలే కావాలంటే నేనూ ఒకటి పెడతాను. పశ్చిమాఫ్రికాలోని టోగోలో 1,500 మంది చిన్న వ్యాపారుల మీద చేసిన ప్రయోగం, 2017లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. ఒక గుంపుకి మామూలు వ్యాపార శిక్షణ, అంటే పద్దులు, మార్కెటింగ్ వగైరా. ఇంకో గుంపుకి చొరవ చూపడం, ఎదురుదెబ్బ తగిలినా వెనకడుగు వేయకపోవడం, ఎదుటివాడికంటే భిన్నంగా ఆలోచించడం మీద శిక్షణ. మూడో గుంపుకి ఏమీ లేదు. చొరవ నేర్చుకున్నవాళ్ళ లాభం 30 శాతం పెరిగింది. పద్దులు నేర్చుకున్నవాళ్ళది 11 శాతం, అదీ గణాంకాల ప్రకారం నమ్మదగ్గ తేడా కాదట. ఇప్పుడు చెప్పండి, మనస్తత్వం గొప్పదా, లెక్క గొప్పదా?

లెక్కలపుస్తకం:

మంచి దెబ్బే కొట్టారు. అయితే టోగోలో వాళ్ళకి చొరవ మీద ఉపన్యాసం దంచలేదు. సొంత వ్యాపారంలో ఏం మారుస్తావో ప్రణాళిక వేయించారు, తర్వాత శిక్షకులు వాళ్ళ దగ్గరికే వెళ్ళి నెలల తరబడి అడుగుతూ ఉన్నారు. గెలిచినవాడి కథ విని చప్పట్లు కొట్టి ఇంటికి పోతే ఆ 30 శాతం వస్తుందా?

ధైర్యం గురించి ఇంకో ముక్క. జోష్ లెర్నర్, ఉల్రికె మాల్మెండియర్ హార్వర్డ్ బిజినెస్ స్కూల్ విద్యార్థుల మీద చేసి 2013లో ప్రచురించిన పరిశీలన. ఇంతకుముందు వ్యాపారం చేసి వచ్చిన సహాధ్యాయులు ఎక్కువగా ఉన్న సెక్షన్లలో, చదువయ్యాక వ్యాపారం పెట్టినవాళ్ళు తగ్గారు! తగ్గినవి ఎక్కువగా నిలబడని వ్యాపారాలే. అనుభవజ్ఞుడు ఉత్సాహపరచలేదు, "ఇది నడవదు నాయనా" అని ముందే చెప్పాడు. అంటే మంచి పాఠం కొన్నిసార్లు మనిషిని ఆపుతుంది. అలా ఆగిపోయినవాడి కథ ఎవరూ చెప్పుకోరు.

మొండిఘటం:

ఆగిపోయినవాళ్ళలో నిలబడగలిగినవాడు ఒక్కడూ లేడని ఎవరు చెప్పగలరు?

పాతషట్టర్:

ఎవరూ చెప్పలేరు. ఇది మాత్రం న్యాయమైన ప్రశ్న.

నాలుగోబల్ల:

ఇంత గొడవెందుకు, గెలిచినవాళ్ళని మానేసి ఓడినవాళ్ళని పిలిచి చెప్పిద్దాం. అసలు పాఠాలు వాళ్ళ దగ్గరే ఉంటాయి.

లెక్కలపుస్తకం:

అది నాకు ఎంతో ఇష్టమైన ఆలోచనే, కానీ అంకెలు నా పక్షాన లేవు. అమెరికాలో వెంచర్ పెట్టుబడి (కొత్త కంపెనీల్లో వాటా తీసుకుని పెట్టే డబ్బు) దొరికిన కంపెనీల మీద 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఒకసారి గెలిచినవాడు రెండోసారి గెలిచే అవకాశం 30 శాతం. మొదటిసారి దిగినవాళ్ళ కంటే, ఓడి మళ్ళీ దిగినవాళ్ళు ఒకటి రెండు శాతం మాత్రమే మెరుగు. అవి పెద్ద పెట్టుబడుల కంపెనీలు, వీధిలోని దుకాణంతో పోల్చలేం. అయినా ఓటమి దానంతటదే గురువవుతుందన్న నమ్మకానికి అక్కడ ఆధారం దొరకలేదు. ఓడినవాడు కూడా "పార్ట్‌నర్ ముంచాడు, టైమ్ బాగోలేదు" అనే చెప్తాడు. గెలిచినవాడు "నా కష్టం" అన్నట్టే.

రెండోడ్రాయర్:

చిన్న వ్యాపారుల పద్దులు చూడడం నా వృత్తి. ఇక్కడ ఎవరూ అనని మాట ఒకటి. పాఠం నిజమా కాదా అన్నది తర్వాత. రోజంతా కౌంటర్లో నిలబడి అలసిన మనిషి ఆచరించగలిగేంత చిన్నదిగా ఉందా లేదా అన్నది ముందు.

డొమినికన్ రిపబ్లిక్‌లో చిన్న రుణాలు తీసుకునే వ్యాపారులకి రెండు రకాల శిక్షణ ఇచ్చి పోల్చారు, 2014లో ప్రచురించారు. ఒకరికి పద్ధతిగా అకౌంటింగ్. ఇంకొకరికి పిడికెడు మోటు సూత్రాలు. అందులో ఒకటి: కొట్టు డబ్బు ఒక డ్రాయర్లో, ఇంటి డబ్బు ఇంకో డ్రాయర్లో పెట్టు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి తీస్తే అప్పు చీటీ రాసి అందులో వెయ్యి. ఇదేమంత గొప్ప సంగతి అనిపిస్తుంది. కానీ మోటు సూత్రాలు విన్నవాళ్ళ పద్దులు మెరుగుపడ్డాయి. అకౌంటింగ్ విన్నవాళ్ళలో చెప్పుకోదగ్గ మార్పు లేదు.

నా దగ్గరకొచ్చే పద్దుల్లో ఎక్కువగా కనబడే జబ్బు కూడా ఇదే. గల్లా పెట్టెలోంచి ఇంటి ఖర్చుకి తీసింది ఎక్కడా రాసి ఉండదు. నెలాఖరున డబ్బు ఎటు పోయిందో యజమానికే తెలియదు, కొట్టు నష్టంలో ఉందనుకుంటాడు. లేదా లాభంలో ఉందనుకుంటాడు, అది ఇంకా ప్రమాదం.

రెండోది డిస్కౌంట్. నూటికి 30 మిగిలే సరుకు మీద 10 శాతం తగ్గిస్తే మిగిలేది 20. అంతకుముందున్న లాభమే రావాలంటే ఒకటిన్నర రెట్లు అమ్మాలి. "కొంచెం తగ్గిస్తే జనం వస్తారు" అనేవాళ్ళలో ఎంతమంది ఈ లెక్క వేసుకుంటారో! ఇవి ముందు నడిచినవాళ్ళు కొత్తవాళ్ళకి ఐదు నిమిషాల్లో చెప్పగలిగినవి. చెప్పరు. వాళ్ళకి అవి పాఠాల్లా అనిపించవు, అలవాటైపోయి ఉంటాయి.

కుట్టుమిషన్:

రెండోడ్రాయర్ గారూ, ఆ చీటీ సంగతి రేపట్నుంచే మొదలుపెడతాను. మా ఆయన కూడా రాయాల్సిందే.

ఎదురుకొట్టు:

అందరూ ఒకటి మర్చిపోతున్నారు. సప్లయర్ ఎవరు, అరువు ఎగ్గొట్టే కస్టమర్ ఎవరు, ఏ నెలలో అద్దె ఓనర్ మెత్తబడతాడు, ఇవి తెలిసినవాడు ఎవరు? నా ఎదురుగా అదే వ్యాపారం చేసేవాడు. వాడు నాకెందుకు చెప్తాడు? "కష్టపడు బాబూ" అని మాత్రం చక్కగా చెప్తాడు, దానికి ఖర్చు లేదుగా. వేదికల మీద వినే ఉత్త మాటలకి అసలు కారణం ఇదే అని నా అనుమానం.

పాతషట్టర్:

అనుమానం కాదు, చైనాలో కొలిచి చూశారు. నాంచాంగ్ నగరంలో 2,800 పైచిలుకు కొత్త సంస్థలతో చేసిన ప్రయోగం, 2018లో వచ్చింది. కొందరు యజమానుల్ని చిన్న చిన్న గుంపులు చేసి, ఏడాదిపాటు నెలకోసారి కలిసి మాట్లాడుకోమన్నారు. కలిసినవాళ్ళ అమ్మకాలు మిగతావాళ్ళకంటే 8 శాతం పెరిగాయి. అందులోనే ఒక చిన్న పరీక్ష: పనికొచ్చే సమాచారాన్ని గుంపులో కొందరికి మాత్రమే ఇచ్చి, అది మిగతావాళ్ళకి చేరుతుందా అని చూశారు. ఒకరికొకరు పోటీ కానిచోట బాగా పాకింది, పోటీ ఉన్నచోట తగ్గింది.

కాబట్టి మీ ఎదురుకొట్టువాణ్ణి అడిగి లాభం లేదు. మీ కస్టమర్లకే వేరే సరుకు అమ్మేవాణ్ణి అడగండి, ఎగ్గొట్టేవాళ్ళ పేర్లు వాడికి కంఠతా ఉంటాయి. వ్యాపారం లోపలి లెక్క కావాలంటే మీ పనే చేసే వేరే ఊరివాణ్ణి పట్టుకోండి.

లెక్కలపుస్తకం:

వాళ్ళు చెప్పడానికి వాళ్ళకేం లాభం?

పాతషట్టర్:

వాడికీ మీ దగ్గర అడగాల్సినవి ఉంటాయి. నాంచాంగ్‌లో వక్త ఎవరూ లేరు, అందరూ అడిగేవాళ్ళే. మీరు పనికిరావంటున్న ఆ సభల్ని నెలకోసారి ఎనిమిది పదిమంది కూర్చునే బల్లగా మార్చమంటాను. ఒకే వ్యాపారం వాళ్ళు ఇద్దరు ఒక బల్ల దగ్గర ఉండకూడదు.

మొండిఘటం:

మైకు లేకుండా నేను రాను.

రాత్రిడ్యూటీ:

నేనొస్తాను. ఆదివారం పెట్టండి, మిగతా రోజులు డ్యూటీ.