ఇంజిన్ పవర్ పెంచుకోవడానికి పాత సెడాన్: ఆక్టావియా ఆర్‌ఎస్ తీసుకోవాలా, సిటీ వీటెక్ తీసుకోవాలా?

పరకాల పిల్లగాడు:
అన్నలందరికీ నమస్తే. నేను హన్మకొండలో ఉద్యోగం చేస్తున్నాను. రోజూ తిరగడానికి బైక్ ఉంది, కాబట్టి కారు నెలంతా షెడ్డులో ఉన్నా ఇబ్బంది లేదు. పాత సెడాన్ ఒకటి కొని, పవర్ పెంచి, చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో నడపాలని ఎప్పటినుంచో ఆశ. బండికీ పనికీ కలిపి 6 లక్షలు పెట్టగలను. మూడు చూశాను. హైదరాబాద్‌లో 2005 స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్, నయీంనగర్‌లో ఏపీ 36 నంబరుతో ఒకే ఓనర్ వాడిన 2002 హోండా సిటీ వీటెక్, కరీంనగర్‌లో 2008 మిత్సుబిషి సీడియా. ఏది తీసుకోమంటారు?

బోరింగ్ షెడ్డు, కాజీపేట:
తమ్ముడూ, పవరే కావాలంటే నా మాట ఆక్టావియా. దానికి టర్బో, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టేది, కంపెనీ నుంచే వచ్చింది. సిటీ 1.5 వీటెక్ 106 హార్స్‌పవర్ ఇస్తుంది. టర్బో లేని చిన్న ఇంజిన్‌లోంచి హోండావాళ్లు అప్పటికే బాగా రాబట్టారు. దాని మీద ఇంకో 15, 20 కావాలంటే హెడ్ విప్పాలి, వాల్వులను తెరిచే క్యామ్ మార్చాలి, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) పెంచాలి, ఎగ్జాస్ట్ కొత్తగా చేయించాలి. ఆక్టావియాది 1781 సీసీ, సిలిండర్‌కు ఐదు వాల్వులు, ఇనుప బ్లాకు. మన దేశంలో 150 హార్స్‌పవర్‌తో అమ్మారు. అదే కుటుంబం ఇంజిన్ యూరప్ ఆర్‌ఎస్‌లో 180 ఇచ్చింది, పెద్ద టర్బోతో ఆడీ టీటీలో 225 కూడా ఇచ్చింది.

కానీ పేరు చూసి డబ్బులు ఇవ్వకు. ఆయిల్ పోసే మూత విప్పి లోపలికి టార్చి వేసి చూడు. నల్లటి జిగురు గడ్డకట్టి ఉంటే వెనక్కి వచ్చేయ్. మామూలు ఆయిల్ పోసి, మార్చాల్సినప్పుడు మార్చకుండా నడిపిన బండి అది. ఆ జిగురు సంప్‌లోని (ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) జాలీని మూసేస్తుంది, ఆయిల్ అందక టర్బో బేరింగ్ పోతుంది. అలాంటి ఇంజిన్లను విప్పినప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది. సరైన ఆయిల్ పోసి ఉంటే ఎన్నో ఏళ్లు నడిచేవి.

తర్వాత కంప్రెషన్ గేజ్‌తో కొలవాలి. ఇంజిన్ వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసి, ఇగ్నిషన్, ఇంజెక్టర్ల కనెక్షన్లు పీకి, ఒక్కో ప్లగ్గు రంధ్రంలో గేజ్ పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. నాలుగు సిలిండర్ల మధ్య తేడా పది శాతం దాటకూడదు. ఒక దాంట్లో తక్కువ చూపిస్తే అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొట్టు. రీడింగ్ పెరిగితే రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వులను అనుమానించాలి. ఈ ఒక్క పరీక్ష చేయనివ్వని ఓనర్ దగ్గర బండి కొనొద్దు.

సిటీ వీటెక్, కరీంనగర్:
అన్న చెప్పింది కాదనను. కానీ మొదటి ప్రాజెక్టుకు నేనైతే సిటీయే అంటాను. బండి తేలిక, గేర్లు మెత్తగా పడతాయి, పాత మెకానిక్‌లందరికీ చెయ్యి తిరిగిన ఇంజిన్. చాలా సామాను సికింద్రాబాద్ రాణిగంజ్‌లో వెతికితే దొరుకుతుంది. ట్రాక్ మీద నడపడం నేర్చుకునేవాడికి 106 హార్స్‌పవర్ తక్కువేం కాదు. మంచి టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, షాక్ అబ్జార్బర్లు వేసుకుంటే చాలు, ఎంత నేర్చుకోవచ్చో. సీడియా ర్యాలీల్లో పేరు తెచ్చుకున్న బండి, 2 లీటర్ల ఇంజిన్, వెనక సస్పెన్షన్ అద్భుతం. సామాను కోసం ఎదురుచూసే ఓపిక ఉంటేనే తీసుకో.

ఆర్‌సీ సంగతులు:
కాగితాలు ముందు చూడండి. సొంత కారుకు 15 ఏళ్లు దాటాక ఆర్‌సీ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. 2005 బండికి 2020లో చేయించిన రెన్యువల్ 2025తో అయిపోయి ఉంటుంది. రెండోసారి అయిందా, పాత బండ్లకు వేసే గ్రీన్ ట్యాక్స్ కట్టారా అడగండి. ఆర్‌సీలో ఉన్న ఇంజిన్ నంబరు, బ్లాకు మీద ఉన్నది ఒకటేనా అని మీరే తుడిచి చదవండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చినదాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. ట్రాక్ కోసం చేయించిన బండిని ములుగు రోడ్డు మీద పరుగెత్తించకండి.

పరకాల పిల్లగాడు:
చాలా థ్యాంక్స్ అన్నా. ఆదివారం హైదరాబాద్ వెళ్లి ఆక్టావియా చూస్తాను. అంతా బాగుంటే నేరుగా ఈసీయూ రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పించడం) చేయించుకోవచ్చా?

బోరింగ్ షెడ్డు, కాజీపేట:
వద్దు తమ్ముడూ. ముందు టైమింగ్ బెల్టు, దాన్ని బిగించి ఉంచే టెన్షనర్, వాటర్ పంపు మూడూ కలిపి మార్చు. బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులకు తగులుతాయి. పాత పంపులో ప్లాస్టిక్ రెక్కలుంటే లోహపు రెక్కలది వేయించు. గట్టిపడిన వాక్యూమ్ పైపులు, పెట్రోల్ పైపులు తీసేయ్, ఇప్పుడు వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ కదా, కొత్తవి దాన్ని తట్టుకునేవే తీసుకో. ఇగ్నిషన్ కాయిల్స్ చూడు. బ్రేకులు, టైర్లు అయ్యాక ఇంటర్‌కూలర్, అంటే టర్బో గాలిని చల్లబరిచేది. కంపెనీది చిన్నది, మే నెల ఎండలో రెండు మూడు రౌండ్లకే వేడెక్కిపోతుంది. గాలి వేడెక్కితే ఈసీయూ ప్లగ్గు మండించే టైమింగ్‌ను వెనక్కి లాగుతుంది, పెంచిన పవర్ అక్కడే పోతుంది. రీమ్యాప్ వీటన్నింటి తర్వాతే. చేసేవాళ్లకు నువ్వు రోజూ ఏ పెట్రోల్ పోస్తావో ముందే చెప్పు, దానికి తగ్గట్టే చేయించుకో.

కంప్రెషన్ గేజ్ లేకపోతే శనివారం షెడ్డుకొచ్చి నాది తీసుకుపో.