పికప్‌కి డిఫరెన్షియల్ లాకర్ వేయించాలా? కరకట్ట ర్యాంపు మీద ఒక చక్రమే తిరుగుతోంది

లంకబండి (కొల్లిపర):
అందరికీ నమస్కారం అండి. నాది బొలెరో పికప్, టూ వీల్ డ్రైవ్. లంకలోంచి అరటి గెలలు, సీజన్‌లో పసుపు దుగ్గిరాల యార్డుకి తోలుతుంటాను. దిగేటప్పుడు ఇబ్బంది లేదు. తిరిగి కరకట్ట ఎక్కే ర్యాంపు దగ్గరే గొడవంతా. ర్యాంపు ఒక పక్క కోసుకుపోయింది, బండి ఏటవాలుగా ఎక్కాలి. ఎడమ వెనక చక్రం తేలిపోయి గిర్రున తిరుగుతుంది, కుడిది గట్టి నేల మీదే ఉండి కూడా కదలదు. ఇంజిన్‌లో దమ్ము లేక కాదు. ట్రాక్టర్ కోసం ఫోన్ చేయడం, వాడు వచ్చేదాకా ఎండలో గెలలు మాడటం మామూలైపోయింది. ఆటోనగర్‌లో ఒకాయన డిఫరెన్షియల్‌కి (మలుపుల్లో వెనక చక్రాలు వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) లాకర్ వేస్తానన్నాడు. ఇంకొకాయన దాని హౌసింగ్, అంటే పైడబ్బా, విప్పి లోపలి చిన్న స్పైడర్ గేర్లకు వెల్డింగ్ కొట్టేస్తే చాలన్నాడు. ఫోర్ వీల్ డ్రైవ్ కొనే స్తోమత ఇప్పట్లో లేదు. వేయించుకుని వాడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

ట్రాక్టర్ బాబాయ్ (తెనాలి):
మా ట్రాక్టర్‌కి మడమ కింద పెడల్ ఉంటుంది చూశావా, అదే డిఫరెన్షియల్ లాక్. దమ్ము చేసే మడిలో ఒక చక్రం జారితే తొక్కుతాం, రెండూ కలిసి తిరుగుతాయి, బండి బయటపడుతుంది. నీ పికప్‌లో ఆ పెడల్ లేదు, అంతే తేడా. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. లాక్ తొక్కి స్టీరింగ్ తిప్పకూడదు. మావాడొకడు గట్టు దగ్గర తొక్కిపట్టి తిప్పితే బండి తిరగకుండా నేరుగా పక్క చేలోకి పోయింది.

గేర్‌పెట్టె (గుంటూరు):
లంకబండి గారూ, మీరు చెప్పిన లక్షణంలోనే జవాబు ఉంది. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానంగానే బలం పంచుతుంది. చిక్కంతా ఆ సమానంలోనే. గాలిలో ఉన్న చక్రాన్ని తిప్పడానికి పెద్దగా బలం అక్కర్లేదు కదా, గట్టి నేల మీద ఉన్నదానికీ అంతే అందుతుంది. మీరు ఎంత యాక్సిలరేటర్ తొక్కినా తేలిన చక్రం వేగం పెరుగుతుంది తప్ప కుడిదానికి బలం పెరగదు.

పైసా ఖర్చు లేకుండా ముందు ఒకటి చేసి చూడండి. మీ బండికి హ్యాండ్ బ్రేక్ వెనక చక్రాల మీద పనిచేస్తుంది. ర్యాంపు మీద చక్రం తేలగానే హ్యాండ్ బ్రేక్ రెండు మూడు పళ్లు లాగి, ఫస్ట్ గేర్‌లో మెల్లగా తొక్కండి. బ్రేక్ వల్ల తేలిన చక్రానికి భారం పడుతుంది, అంత బలం రెండోదానికీ వెళుతుంది. కాకపోతే రెండోదాని మీదా బ్రేక్ ఉంటుంది కాబట్టి ప్రతిసారీ ఫలించకపోవచ్చు. కొత్త బండ్లలో ట్రాక్షన్ కంట్రోల్ చేసేది కూడా దాదాపు ఇదే, కాకపోతే జారే చక్రానికి మాత్రమే బ్రేక్ వేస్తుంది. ఎక్కువసేపు పట్టి ఉంచితే డ్రమ్ములు కాలిపోతాయి, జాగ్రత్త.

రేగడి రాజు (తుళ్లూరు):
లాకర్ అంటే ఏదో మంత్రం అనుకునేవాళ్లు నా మాట కూడా వినండి. నా బండికి వేయించాను. మా దగ్గర నల్లరేగడి. వాన పడ్డాక రేగడిలో దిగితే మట్టి టైరుకు చుట్టుకుని గాళ్లన్నీ పూడిపోతాయి, టైరు నున్నగా అయిపోతుంది. అప్పుడు రెండు చక్రాలకూ పట్టు ఉండదు. లాకర్ లేనప్పుడు ఒక గొయ్యి తవ్వేది, ఇప్పుడు రెండు తవ్వుతోంది. నాకు అక్కరకొచ్చింది మడ్ టైర్లు, ఇంకా వాన వెలిసి పైపొర ఆరేదాకా ఆగే ఓపిక. లాకర్ కొత్తగా పట్టు తెచ్చిపెట్టదు. ఏదో ఒక చక్రానికి ఉన్న పట్టును వాడుకోనిస్తుంది. లంకబండి గారి కేసు వేరే, ఆయనకు కుడి చక్రం కింద గట్టి నేల ఉంది. మిగతావాళ్లు మాత్రం బండి దిగబడినప్పుడు కిందికి దిగి, తిరుగుతున్నది ఒక చక్రమా రెండూనా చూసుకున్నాకే డబ్బు తీయండి.

కొండపల్లి ట్రయల్ (విజయవాడ):
నాది ఇసుజు వీ-క్రాస్. వెనక ఏఆర్‌బీ ఎయిర్ లాకర్ వేయించాను. ఆస్ట్రేలియా కంపెనీ. చిన్న కంప్రెసర్ గాలి పంపుతుంది, స్విచ్ నొక్కితే లాక్, తీస్తే మామూలు డిఫరెన్షియల్. హైవే మీద తేడాయే తెలియదు. కానీ కంప్రెసర్, ఎయిర్ లైను, వైరింగ్, అన్నీ కలిపితే ఖర్చు బాగానే ఉంటుంది. గెలలు తోలే బండి మీద ఆ డబ్బు ఎప్పటికి తిరిగి రావాలో లెక్క వేసుకోండి.

2020లో వచ్చిన థార్‌లో కొన్ని వేరియంట్లకు వెనక మెకానికల్ లాకర్ కంపెనీయే ఇచ్చింది. ఆ రకానికి స్విచ్ ఉండదు. ఒక చక్రం రెండోదానికంటే నిమిషానికి సుమారు 100 చుట్లు ఎక్కువ తిరిగితే దానంతటదే పట్టేస్తుంది. గంటకు 30 కిలోమీటర్లు దాటిన వేగంలో పట్టదు. పట్టినప్పుడు వెనక నుంచి 'టక్' మని గట్టిగా వినిపిస్తుంది, మొదటిసారి ఏదో విరిగిందనుకుంటాం. 2022లో మన దేశంలోకి వచ్చిన హైలక్స్‌కి వెనక ఎలక్ట్రానిక్ లాక్ ఉంది. ఇవన్నీ చూసి నోరూరడం సహజమే. కానీ ఒక బండి లాకర్ ఇంకో బండికి పట్టదు. యాక్సిల్ పళ్ల లెక్క, క్రౌన్ (హౌసింగ్ లోపలి పెద్ద పళ్ల చక్రం) సైజు, బేరింగ్ సైజు, అన్నీ కలవాలి. నాకు తెలిసిన ఒకాయనకి ఎవరో సెకండ్ హ్యాండ్ ఎల్ఎస్‌డీ (లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, పూర్తిగా లాక్ చేయకుండా చక్రం జారడాన్ని తగ్గించేది) అంటగట్టారు, యాక్సిల్ దూరను కూడా దూరలేదు.

ఆటోనగర్ హౌసింగ్:
వెల్డింగ్ మాట ఎత్తినవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లకండి తమ్ముడూ. స్పైడర్ గేర్లు అతికించేస్తే రెండు చక్రాలు ఎప్పటికీ విడిపోవు. తారు రోడ్డు మీద ప్రతి మలుపులో లోపలి టైరు ఈడ్చుకుంటూ రావాల్సిందే. టైర్లు అరుగుతాయి, యాక్సిల్ మెలితిరిగి ఒకరోజు విరుగుతుంది. లోడుతో కరకట్ట మీద వెళుతున్నప్పుడు విరిగితే పక్కన ఏముందో మీకే తెలుసు.

లాకర్ వేయించినా పని తెలిసిన చోటే వేయించండి. హౌసింగ్ విప్పి కొత్తది పెట్టి బోల్టులు బిగించేస్తే అయిపోయే పని కాదిది. క్రౌన్‌కీ దాన్ని తిప్పే చిన్న పినియన్ గేరుకీ మధ్య ఉండే ఆటను, అంటే ఖాళీని, డయల్ గేజ్ పెట్టి కొలవాలి. ఆ ఆట వెంట్రుక మందంలో ఉంటుంది, కంపెనీ మాన్యువల్‌లో అంకె ఇస్తారు, దానికి తగ్గట్టు షిమ్ములు (పల్చటి రేకులు) మార్చాలి. తర్వాత క్రౌన్ పళ్లకు రంగు పేస్టు పూసి చేత్తో తిప్పి చూస్తాం. మచ్చ పంటి మధ్యలో పడాలి. అంచుకో మొదటికో పడితే మళ్లీ విప్పడమే. ఈ ఓపిక లేనివాడు చేస్తే అరవై దాటగానే వెనక నుంచి ఊళ మొదలవుతుంది. ఆ ఊళ వినబడుతున్నా నూనె మార్చి సరిపెట్టుకునేవాళ్లు ఉన్నారు. పళ్లు అరిగాక నూనె ఏం చేస్తుంది?

నూనె మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు సింగ్‌నగర్ వైపు మునిగిన బండ్లు మా వీధికి వరసగా వచ్చాయి. ఇంజిన్ గురించి అందరూ అడిగారు, హౌసింగ్ సంగతి అడిగినవాళ్లు తక్కువ. డ్రెయిన్ బోల్టు తీస్తే మజ్జిగలా తెల్లగా కారేది. యాక్సిల్ పైన ఉండే బ్రీదర్ (గాలి రంధ్రం) గుండా, సీళ్ల గుండా నీళ్లు పోతాయి. లంకలో నీళ్లలోంచి బండి తోలేవాళ్లు బ్రీదర్‌కి పైపు తగిలించి పైకి కట్టుకోండి. దీనికి పెద్ద ఖర్చు ఉండదు.

చట్టం తెలిసినోడు:
మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో రాసిన వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదు. లాకర్ హౌసింగ్ లోపల ఉండేదే అయినా బండి వారంటీలో ఉంటే ముందు ఆ కాగితాలు చదువుకోండి. ఇన్సూరెన్స్ వాళ్లకూ ఒక మాట చెప్పి పెట్టండి.

లంకబండి (కొల్లిపర):
అందరికీ ధన్యవాదాలు. గేర్‌పెట్టె గారూ, హ్యాండ్ బ్రేక్ కిటుకు పనిచేసిందండి. పొడి ర్యాంపు మీద బండి మెల్లగా ఎక్కేసింది, నమ్మలేకపోయాను. రాత్రి వాన పడి ర్యాంపు తడిస్తే మాత్రం కుదరట్లేదు. ఇంకో డౌటు. హెలికల్ (ఏటవాలు పళ్ల) గేర్ల ఎల్ఎస్‌డీ అయితే సాఫ్ట్‌గా ఉంటుంది, ప్లేట్ల రకంలా అరగదు అంటున్నారు. నా బండికి సరిపోయేది దొరికితే అది వేయించమంటారా?

గేర్‌పెట్టె (గుంటూరు):
మీకు అది వద్దండి. హెలికల్ రకం జారే చక్రానికి ఉన్న బలాన్ని ఇన్ని రెట్లు చేసి రెండోదానికి ఇస్తుంది. మీ ఎడమ చక్రం పూర్తిగా గాలిలో ఉంటే ఆ బలం దాదాపు సున్నా. సున్నాను ఎన్ని రెట్లు చేసినా ఏం వస్తుంది? మళ్లీ హ్యాండ్ బ్రేక్ లాగాల్సిందే. ప్లేట్ల ఎల్ఎస్‌డీకి స్ప్రింగుల బిగువు ఉంటుంది కాబట్టి కొంత నయం, కాకపోతే దానికి ఫ్రిక్షన్ మోడిఫయర్ కలిపిన నూనె పోయాలి. మీ ర్యాంపుకి సరైనది లాకరే. ఇంకోటి, అడక్కపోయినా చెబుతున్నా. ఆ ర్యాంపు వాడే రైతులంతా కలిసి కోసుకుపోయిన పక్కన నాలుగు ట్రిప్పుల గ్రావెల్ తోలించుకుంటే లాకర్ కంటే చౌకగా అయిపోవచ్చు.

లంకబండి (కొల్లిపర):
గ్రావెల్ మాట పోయిన ఏడాదే అనుకున్నామండి, డబ్బులు ఎవరు ముందు పెట్టాలో తేలక ఆగింది. ఈసారి మళ్లీ కదుపుతాను. హౌసింగ్ అన్నా, లాకర్ దొరుకుతుందో లేదో చూడటానికి బండి తీసుకురావాలా, ఫొటోలు చాలా?

ఆటోనగర్ హౌసింగ్:
బండి ఎందుకు, డీజిల్ దండగ. ఆర్‌సీ ఫొటో, హౌసింగ్ మీద ప్లేటు ఉంటే తుడిచి దాని ఫొటో పంపించు. ప్లేటు ఊడిపోయి ఉంటే కార్డాన్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక్కి వచ్చే రాడ్డు) తిప్పి, చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టు, దాంతో గేర్ల నిష్పత్తి తెలుస్తుంది. అప్పుడు రెండు వెనక చక్రాలూ జాకీ మీద లేచి ఉండి సమానంగా తిరగాలి, గేరు న్యూట్రల్‌లో ఉండాలి. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టడం మర్చిపోకు.