చూడని పోరును గీస్తే అది చరిత్ర అవుతుందా?

ఆకాశదీపం:
మొదటి ప్రపంచయుద్ధం నాటి విమాన పోరాటాల మీద ఇప్పటికీ కొత్త పెయింటింగ్‌లు వస్తున్నాయి. చాలామంది గీసిన ఘట్టం వెర్నర్ ఫోస్ ఆఖరి పోరు. 1917 సెప్టెంబర్ 23 సాయంత్రం, బెల్జియంలోని ఈప్ర్ దగ్గర, ఆ జర్మన్ పైలట్ మూడు రెక్కల ఫోకర్ విమానంలో ఒక్కడే బ్రిటిష్ 56వ స్క్వాడ్రన్ ఎస్ఈ5 యుద్ధవిమానాలతో కొన్ని నిమిషాలు పోరాడి కూలిపోయాడు. ఆ పోరుకు ఫోటోలు లేవు. అందుకే నేననేది, ఇలాంటివి బొమ్మలుగా ఎంత బాగున్నా చరిత్రగా తీసుకోకూడదు. పైలట్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ రోజుల్లోనే గీసినవే సాక్ష్యం. మీరేమంటారు?

బాల్సాచెక్క:
ఒప్పుకోనండీ. నేను పదేళ్లుగా విమానాల స్కేల్ మోడళ్లు చేస్తున్నాను. ఎస్ఈ5కి ఒక తుపాకీ పై రెక్క మీద, ఇంకొకటి ముక్కు మీద ఎందుకున్నాయో, వాటితో గురి చూడాలంటే విమానాన్ని ఎలా తిప్పాలో నాకు అర్థమైంది మంచి పెయింటింగ్‌ల వల్లే. పోరు నుంచి తిరిగొచ్చిన వాళ్ల రిపోర్టులున్నాయి, ఆ పోరులో ఉన్న బ్రిటిష్ పైలట్ మెకడెన్ స్వయంగా రాసిపెట్టాడు. అవన్నీ చదివి, ఎండ ఏ వైపు నుంచి పడాలో కూడా ఆలోచించి గీసినదాన్ని కల్పన అనడం అన్యాయం.

ఆకాశదీపం:
కష్టాన్ని తక్కువ చేయడం లేదండీ. రంగు సంగతే చూడండి. ఫోస్ విమానం ముక్కు మీద కళ్లు, మీసాలతో ఒక ముఖం ఉండేది. దాని వెనకున్న రంగు ఏమిటన్నది పరిశోధకులు ఇంకా తేల్చలేదు. అప్పటి ఫిల్ములో ఎరుపు నల్లగా, నీలం తెల్లగా పడేది కాబట్టి పాత ఫోటో చూసి ఖాయంగా చెప్పలేం. కానీ చిత్రకారుడు ఏదో ఒక రంగు వేయక తప్పదు. చూసినవాళ్లకు ఇక అదే నిజం.

ఇప్పుడు ఇంకో బొమ్మ గురించి చెప్తాను. ఫోస్‌ను కూల్చింది 56వ స్క్వాడ్రన్ పైలట్ ఆర్థర్ రీస్ డేవిడ్స్. ఈటన్ స్కూల్లో చదువు ముగించి నేరుగా యుద్ధానికి వచ్చిన కుర్రాడు. ఆ రోజుకి ఇరవై ఏళ్లు నిండడానికి ఇంకా మూడు రోజులుంది. ఫోస్‌కీ ఇరవయ్యే. అతన్ని ప్రాణాలతో దింపగలిగి ఉంటే బాగుండేదని ఈ కుర్రాడు బాధపడ్డాడని మెకడెన్ రాశాడు. కొద్ది వారాల్లో చిత్రకారుడు విలియం ఆర్పెన్ ఈ రీస్ డేవిడ్స్‌ను గీశాడు. అందులో విమానం లేదు, పొగ లేదు, ముఖమే. అక్టోబర్ 27న రీస్ డేవిడ్స్ పోరుకు వెళ్లి మళ్లీ రాలేదు. సమాధి ఎక్కడో కూడా తెలియదు. ఆ ముఖం చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. ఎంత పరిశోధన చేసినా వందేళ్ల తర్వాత ఎవరూ దాన్ని అలా గీయలేరు.

గోదారిగట్టు:
ఎదురుగా చూసి గీసిందే సాక్ష్యమంటే బ్రిటిష్ చిత్రకారుడు పాల్ నాష్‌ను ఏం చేద్దామండీ? 1941లో ఆయన వేసిన బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ (1940 వేసవిలో బ్రిటన్ ఆకాశంలో జర్మనీతో జరిగిన పోరు) పెయింటింగ్‌లో ఏ పైలట్ ముఖమూ లేదు. అది ఫలానా రోజు జరిగిన పోరూ కాదు. మెలికలు తిరిగే నది, ఆకాశంలో తెల్లటి చారలు, కింద పడుతున్న విమానం పొగ, అంతే. పైగా ఆస్తమా వల్ల ఆయన విమానమే ఎక్కలేదంటారు. అయినా ఆ వేసవిలో తల పైకెత్తి చూసిన జనం భయం అందులో ఉంది. అది సాక్ష్యం కాదంటే నేనొప్పుకోను.

ఆకాశదీపం:
ఇది నేను ఆలోచించలేదు. నాష్ ఆ కాలంలో బతికి, ఆ ఆకాశం కింద నిలబడ్డాడు. కాబట్టి "ఎదురుగా కూర్చోబెట్టుకుని" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. "ఆ రోజుల్లోనే" అన్నది మాత్రం వదలను.

బాల్సాచెక్క:
అలాగైతే మనవాడి గురించి చెప్తాను. రీస్ డేవిడ్స్ పోయిన మూడు రోజులకు అదే 56వ స్క్వాడ్రన్‌లో చేరాడు కలకత్తాలో పుట్టిన ఇంద్రలాల్ రాయ్. డిసెంబర్‌లో విమానం కూలి గాయపడ్డాడు. కోలుకుంటూ ఎన్నో విమానాల స్కెచ్‌లు వేశాడు. 1918 జులైలో పది విజయాలు సాధించి, అదే నెల 22న పందొమ్మిదేళ్లకే చనిపోయాడు. ఆ స్కెచ్‌లు కొన్ని ఢిల్లీ పాలంలోని వైమానిక దళ మ్యూజియంలో ఉన్నాయి. ఎగిరినవాడే గీశాడు, ఆ రోజుల్లోనే గీశాడు, గీసింది మాత్రం ముఖాలను కాదండీ, విమానాలను.