కష్టంలో ఏ దువా (వేడుకోలు) చదవాలి?

విజయనగరం నుంచి రాస్తున్నా. రెండు నెలలుగా జీతం లేదు, అమ్మీకి ఒంట్లో బాగోలేదు, రాత్రిళ్లు ఒకటే టెన్షన్. నాకు అరబీ చదవడం రాదు, కష్టాల్లో చదివే దువా ఎవరైనా తెలుగు అక్షరాల్లో రాసిపెడతారా?

— భాయ్, చేప కడుపులో ఉన్నప్పుడు యూనుస్ ప్రవక్త వేడుకున్నది చదవండి: లా ఇలాహ ఇల్లా అంత సుబ్‌హానక ఇన్నీ కుంతు మినజ్జాలిమీన్. ఖుర్ఆన్ 21వ సూరా (అధ్యాయం), 87వ ఆయత్ (వాక్యం). నీవు తప్ప ఆరాధ్యుడు లేడు, నీవు పరిశుద్ధుడివి, తప్పు చేసినవాణ్ణి నేనే అని అర్థం. నాకైతే ఇందులో నచ్చేది ఏంటంటే, అది ఇవ్వు ఇది ఇవ్వు అనే మాటే ఉండదు.

— వాట్సాప్‌లో తిప్పే "ఇన్నిసార్లు చదివితే పనైపోతుంది" లాంటివి మాత్రం నమ్మకండి.

— మాది శ్రీకాకుళం. అరబీ రాకపోతే ఏం తమ్ముడూ, నమాజ్ అయ్యాక చేతులెత్తి తెలుగులోనే అడుగు. తహజ్జుద్ (రాత్రి నిద్ర లేచి చేసే నమాజ్) వేళ ఇంకా మంచిది. ముందు అమ్మీని డాక్టర్‌కి చూపించు.

— సరే అక్కా, రేపు పొద్దున్నే తీసుకెళ్తా.