క్లియర్ కోటు ఉల్లిపొరలా లేస్తోంది, ఎక్కడ తప్పు చేశాను?

అన్నలూ, మాది హనుమకొండ. నాన్న పాత బైకు ట్యాంకుకు ఇంట్లో నేనే పెయింట్ వేశాను. తుప్పు గీకి, ప్రైమర్ కొట్టి, నీళ్ల కాగితంతో (తడిపి రుద్దే గరుకు కాగితం) రుద్ది, బేస్ కోటు (రంగు పొర), దాని మీద హార్డెనర్ (గట్టిపడేలా చేసే ద్రవం) కలిపిన క్లియర్ (మెరుపు కోసం పైన వేసే రంగులేని పొర). నెల తిరక్కముందే పెట్రోల్ మూత చుట్టూ క్లియర్ లేస్తోంది. గోటితో లాగితే ఉల్లిపొరలా వస్తోంది, కింద బేస్ మాత్రం చెక్కుచెదరలేదు. అంటే పట్టు తప్పింది ఆ రెండింటి మధ్యే కదా?

నా అనుమానం: బేస్ వేసిన మర్నాడు సాయంత్రం గానీ క్లియర్ వేయలేదు, మధ్యలో రుద్దనూ లేదు. పైగా ఆ రోజు ముసురు. (మా అమ్మ అమావాస్య వల్లే అంటోంది.) లేచినంత మేర 800 నంబరు కాగితంతో రుద్ది మళ్లీ వేస్తే నిలుస్తుందా, లేక ట్యాంకు మొత్తం ప్రైమర్ దాకా గీకాలా? బేస్‌కూ క్లియర్‌కూ మధ్య మీరు ఎంతసేపు ఆగుతారు?