బ్రౌజర్‌లో సౌకర్యాలు ముందే ఉండాలా, ఎక్స్‌టెన్షన్లతో మనమే చేర్చుకోవాలా?

పాతకాపు:

బ్రౌజర్ కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ మెనూలో ఇంకో రెండు అంశాలు చేరుతున్నాయి. నోట్సు, కొనుగోలు సలహాలు, వార్తలు, పక్కపట్టీలో చాట్‌బాట్. ఉచితంగా ఇస్తున్నారు కదా అని ఊరుకోవడం నాకు నచ్చదు. పేజీని వేగంగా, భద్రంగా తెరవడమే బ్రౌజర్ పని. అంతకు మించి ఏది కావాలన్నా ఎక్స్‌టెన్షన్‌గా, అంటే బ్రౌజర్‌కు విడిగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాంగా ఉండాలి. కావలసినవాళ్ళు వేసుకుంటారు, అక్కర్లేనివాళ్ళు వదిలేస్తారు.

ఫైర్‌ఫాక్స్ పుట్టిందే ఈ ఆలోచనతో. అంతకు ముందు మొజిల్లా సూట్ ఉండేది. బ్రౌజర్, మెయిల్, చాట్, వెబ్ పేజీలు తయారుచేసే ఎడిటర్ అన్నీ కలిపి ఒకే ప్రోగ్రాం. ఆ బరువు వద్దనుకున్న కొద్దిమంది బ్రౌజర్‌ను మాత్రం విడదీసి 2002లో ఫీనిక్స్ పేరుతో విడుదల చేశారు. అదే రెండుసార్లు పేరు మారి 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 1.0 అయింది. మిగతా సౌకర్యాలను ఎక్స్‌టెన్షన్లు రాసేవాళ్ళకు వదిలారు. దాని ఫలితం చిన్నది కాదు. పేజీ కోడ్‌ను పరిశీలించి తప్పులు వెతకడానికి 2006లో వచ్చిన ఫైర్‌బగ్ అనే ఎక్స్‌టెన్షన్ వెబ్ డెవలపర్లు పనిచేసే తీరునే మార్చింది. ఇవాళ ఎఫ్12 నొక్కితే తెరుచుకునే పరికరాలకు దారి చూపింది అదే.

లోపల పెట్టినవాటి సంగతి చూడండి. పేజీలను తర్వాత చదువుకోవడానికి దాచుకునే పాకెట్‌ను 2015లో ఫైర్‌ఫాక్స్‌లో కలిపారు, 2017లో ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా ఆ సంస్థనే కొన్నది, 2025 జూలైలో మూసేసింది. సైట్లలో కొత్తగా వచ్చినవాటి జాబితాను (ఆర్‌ఎస్‌ఎస్) చూపే లైవ్ బుక్‌మార్క్స్‌ను 2018 డిసెంబరులో తీసేశారు. ట్యాబులను గుంపులుగా పెట్టుకునే పనోరమా 2011లో వచ్చి 2016లో పోయింది. మళ్ళీ ట్యాబ్ గుంపులు రావడానికి 2025 దాకా ఆగాల్సి వచ్చింది. కాబట్టి లోపల ఉన్న సౌకర్యం కలకాలం ఉంటుందని అనుకోవద్దు.

నీలిమబ్బు:

పాతకాపు గారూ, మీ చరిత్ర సరైనదే. కానీ రెండో వైపు కూడా చూడాలి. లోపల ఉన్నది పోతే సౌకర్యం పోతుంది. బయటి నుంచి తెచ్చుకున్నది చెడిపోతే మన సమాచారమే పోతుంది.

ది గ్రేట్ సస్పెండర్ గుర్తుందా? వాడని ట్యాబులను నిద్రపుచ్చి మెమరీ మిగిల్చే ఎక్స్‌టెన్షన్. ఓపెన్ సోర్సు, లక్షలమంది నమ్మినది. 2020లో దాన్ని తయారుచేసిన వ్యక్తి వేరేవాళ్ళకు అప్పగించారు. కొత్త యజమానులు చేర్చిన కోడ్ మీద అనుమానాలు వచ్చాయి. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని మాల్‌వేర్ అని స్టోర్ నుంచి తీసేసి, వాడుతున్నవాళ్ళ బ్రౌజర్లలోనూ ఆపేసింది. నిద్రలో ఉన్న ట్యాబులు చాలామందికి కళ్ళముందే మాయమయ్యాయి. వాడేవాళ్ళ తప్పు అందులో ఏముంది? నమ్మి వేసుకున్న రోజున అది మంచిదే. ఎక్స్‌టెన్షన్ చేతులు మారితే మనకు ఎవరూ చెప్పరు, అప్‌డేట్ మాత్రం దానంతట అదే వచ్చేస్తుంది.

అదే పని ఇప్పుడు క్రోమ్, ఎడ్జ్ లోపలే చేస్తున్నాయి. మెమరీ బాగా తగ్గినప్పుడు ఫైర్‌ఫాక్స్ కూడా వాడని ట్యాబులను దించేస్తుంది. ఎవరికీ కొత్తగా అనుమతి ఇవ్వనక్కర్లేదు. "అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చదవగలదు, మార్చగలదు" అనే అనుమతి ఇంటి తాళంచెవి లాంటిది. చిన్న చిన్న పనులకు పదిమందికి పది తాళంచెవులు ఎందుకివ్వాలి?

సవ్యసాచి:

ఎక్స్‌టెన్షన్లు మన చేతిలో ఉంటాయనే మాట మీద నాకు అభ్యంతరం ఉంది. 2019 మే నెలలో ఏమైంది? ఎక్స్‌టెన్షన్ల మీద మొజిల్లా వేసే డిజిటల్ సంతకానికి ఆధారమైన సర్టిఫికెట్ గడువు తీరిపోయింది. ప్రపంచమంతటా ఫైర్‌ఫాక్స్‌లో దాదాపు అన్ని ఎక్స్‌టెన్షన్లూ ఒక్కసారిగా ఆగిపోయాయి. టోర్ బ్రౌజర్‌లో, పేజీల్లోని స్క్రిప్టులను అడ్డుకునే నోస్క్రిప్ట్ అనే ఎక్స్‌టెన్షన్ కూడా ఆగింది. అజ్ఞాతంగా ఉండటం ప్రాణావసరమైనవాళ్ళు వాడే బ్రౌజర్ అది. రక్షణ బయటి ముక్క మీద ఆధారపడితే జరిగేది ఇదే.

2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చినప్పుడు పాత పద్ధతిలో రాసిన ఎక్స్‌టెన్షన్లన్నీ పనికిరాకుండా పోయిన సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మూలాక్షరం:

నీలిమబ్బు గారి తాళంచెవి మాట సరైనదే. అయితే దాన్నే ఆసరా చేసుకుని ఎక్స్‌టెన్షన్ల బలం తగ్గించిన ఉదంతం కూడా ఉంది. క్రోమ్ ఎక్స్‌టెన్షన్లకు పెట్టిన కొత్త నియమావళి మేనిఫెస్ట్ వీ3 గురించి చాలామంది "యాడ్ బ్లాకర్లను చంపేశారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది పూర్తి నిజం కాదు, అసలు జరిగింది అర్థం కావాలి.

పాత పద్ధతిలో, పేజీ ఏదైనా ఫైలు తెప్పించుకోబోతే బ్రౌజర్ ముందు ఎక్స్‌టెన్షన్‌ను అడిగేది. ఎక్స్‌టెన్షన్ తన సొంత కోడ్‌తో అప్పటికప్పుడు లెక్క చూసుకుని పంపాలా ఆపాలా చెప్పేది. కొత్త పద్ధతిలో ఎక్స్‌టెన్షన్ నియమాల జాబితాను ముందే బ్రౌజర్‌కు అప్పగిస్తుంది. పోల్చడం, ఆపడం బ్రౌజరే చేస్తుంది. దీనివల్ల మనం తెరిచే ప్రతి చిరునామా ఎక్స్‌టెన్షన్ కంట పడాల్సిన అవసరం లేదు. భద్రతకు ఇది మంచిదే. కానీ నియమాల సంఖ్యకు హద్దు పెట్టారు, వాటిని రాసే తీరుకూ హద్దు పెట్టారు. ప్రకటనల సంస్థలు రోజుకో ఎత్తు వేస్తుంటే, దానికి దీటుగా అప్పటికప్పుడు నిర్ణయించే శక్తి ఎక్స్‌టెన్షన్‌కు లేకుండా పోయింది. అందుకే యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్ బ్లాకర్ పూర్తి రూపం 2025 నాటికి క్రోమ్‌లో ఆగిపోయింది. దాని లైట్ రూపం పనిచేస్తుంది, చాలా సైట్లకు సరిపోతుంది కూడా. అయితే జాబితాలు ఎక్స్‌టెన్షన్ అప్‌డేట్‌తోనే కొత్తవి అవుతాయి. ఫైర్‌ఫాక్స్ పాత దారినీ తెరిచే ఉంచింది, అక్కడ పూర్తి రూపం ఇప్పటికీ నడుస్తోంది.

దీన్నుంచి నాకు తోచింది ఇది. బ్రౌజర్ తయారుచేసే సంస్థకు ప్రకటనల ఆదాయం ముఖ్యమైతే, ఎక్స్‌టెన్షన్ ఎంత బాగా రాసినా హద్దు గీసేది ఆ సంస్థే. బ్రేవ్ బ్రౌజర్ ఈ చిక్కు నుంచి బయటపడింది. ప్రకటనలను ఆపే భాగాన్ని వాళ్ళు రస్ట్ భాషలో రాసి బ్రౌజర్‌లోనే కలిపేశారు కాబట్టి ఎక్స్‌టెన్షన్ల నియమాలు దానికి వర్తించవు. క్రోమ్‌కు ఆధారమైన క్రోమియం మీదే కట్టిన బ్రౌజర్ అది, అయినా సరే. సైటు సైటుకూ మన వెంటపడి గమనించే ట్రాకర్ల నుంచి రక్షణ లోపలే ఉండాలని నేననేది అందుకే.

వెలుగురేఖ:

మీరంతా ఎక్స్‌టెన్షన్లు వేసుకునేవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. ఎక్స్‌టెన్షన్ అంటే ఏమిటో తెలియకుండా బ్రౌజర్ వాడేవాళ్ళు నా చుట్టూ బోలెడంతమంది ఉన్నారు. వాళ్ళకు ముందే ఏది ఆన్ చేసి ఉంటే అదే బ్రౌజర్. 2022 జూన్‌లో ఫైర్‌ఫాక్స్ కుకీలను, అంటే సైట్లు మన బ్రౌజర్‌లో వదిలే గుర్తులను, సైటు సైటుకూ విడివిడిగా దాచే పద్ధతిని అందరికీ ఆన్ చేసింది. ఒక సైటులో మన మీద వేసిన గుర్తును ఇంకో సైటులో చదవడం దాంతో చాలావరకు ఆగింది. ఎవరూ ఏ బటనూ నొక్కలేదు. అదే ఎక్స్‌టెన్షన్‌గా వదిలి ఉంటే వీళ్ళకు ఆ రక్షణ అందేదా?

చూపు తగ్గినవాళ్ళ గురించి కూడా ఆలోచించండి. పేజీ మొత్తం పెద్దది చేస్తే వరుసలు అడ్డంగా జరిగి చదవడం కష్టమవుతుంది. ఫైర్‌ఫాక్స్ సెట్టింగుల్లో "అక్షరాలను మాత్రమే పెద్దవి చెయ్యి" అనే చిన్న పెట్టె ఉంది, దాన్ని టిక్ చేస్తే బొమ్మలు ఉన్నచోటే ఉండి రాత మాత్రం పెరుగుతుంది. ఫాంట్ల దగ్గర అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్తే ఒక్కో లిపికి ఒక్కో ఫాంటు, దాని కనీస పరిమాణం ఎంచుకోవచ్చు. ఇంగ్లీషును కదపకుండా తెలుగు అక్షరాలను ఒక మెట్టు పెంచుకోవచ్చన్నమాట. ఒత్తులు, గుడులు చిన్న సైజులో కలిసిపోయి కనిపించేవాళ్ళకు ఇది ఎంత ఊరటో చెప్పలేను. పేజీలో రాతను మాత్రమే శుభ్రంగా చూపే రీడర్ వ్యూ సరేసరి. ఇవన్నీ వెతికి తెచ్చుకోవలసినవి కాకుండా ముందే ఉండాలి.

పాతకాపు:

వెలుగురేఖ గారూ, మీ మాటతో నాకు పేచీ లేదు. చదవడానికి సాయపడేవి, ట్రాకర్లను ఆపేవి నా లెక్కలో "పేజీని భద్రంగా చూపడం" కిందికే వస్తాయి. నేను వద్దనేది పేజీతో సంబంధం లేనివాటిని. మెయిల్, నోట్సు, క్యాలెండరు బ్రౌజర్‌కు ఎందుకండీ? 2002లో ఏ మూటను విప్పారో మళ్ళీ అదే కడుతున్నారు.

నీలిమబ్బు:

అవి కావలసినవాళ్ళూ ఉన్నారండీ. వివాల్డి చూడండి. ఒపేరా వ్యవస్థాపకుల్లో ఒకరైన యాన్ ఫాన్ టెట్జ్‌నర్ మొదలుపెట్టిన బ్రౌజర్, 1.0 వచ్చింది 2016లో. ట్యాబులను ఒకదాని మీద ఒకటి పేర్చడం, రెండు పేజీలను పక్కపక్కన పెట్టుకోవడం, మౌస్ సైగలు, నోట్సు, మెయిల్ అన్నీ లోపలే ఉంటాయి. కానీ మొదటిసారి తెరిచినప్పుడే ఎంత కావాలో అడుగుతుంది. తక్కువ చాలంటే వాటిలో చాలావరకు కంటికి కనబడవు. నాలుగైదు ఎక్స్‌టెన్షన్లు చేసే పనిని, వాటి అనుమతులేవీ లేకుండా చేసుకోవచ్చు. మూట కట్టారనే అనండి, విప్పుకునే ముడి మన చేతికే ఇచ్చారు.

మూలాక్షరం:

లోపలా బయటా అని రెండు గదులుగా చూడటంలోనే చిక్కుంది. ఫైర్‌ఫాక్స్ కంటైనర్లు ఈ రెండింటి మధ్య ఉన్న మంచి నమూనా. ఒకే కిటికీలో ఒకే సైటుకు రెండు ఖాతాలతో లాగిన్ కావడం దాంతో కుదురుతుంది. ఆఫీసు మెయిల్ నీలిరంగు గీత ఉన్న ట్యాబులో, సొంత మెయిల్ నారింజ గీత ఉన్న ట్యాబులో. ఒకదాని కుకీలు రెండోదానికి తెలియవు. కుకీలను విడదీసే ఆ యంత్రాంగం బ్రౌజర్ లోపల ఉంది. "ఈ సైటు ఎప్పుడూ ఈ కంటైనర్‌లోనే తెరవాలి" వంటి నియమాలు పెట్టుకునే తెర మాత్రం 2017లో మొజిల్లాయే విడుదల చేసిన మల్టీ-అకౌంట్ కంటైనర్స్ అనే ఎక్స్‌టెన్షన్. యంత్రాంగం అందరికీ అందుబాటులో ఉంది కాబట్టి వేరేవాళ్ళు కూడా దాని మీద తమ పద్ధతిలో ఎక్స్‌టెన్షన్లు రాశారు. తాత్కాలిక కంటైనర్లు పుట్టించేవి కూడా ఉన్నాయి.

భద్రతకు సంబంధించిన పునాది బ్రౌజర్‌లో, వాడుకునే తీరు ఎక్స్‌టెన్షన్‌లో. నాకు కావలసింది ఈ విభజన. పనోరమాను కూడా ఇలాగే కట్టి ఉంటే 2016లో తీసేసినప్పుడు వాడేవాళ్ళు అంతగా ఇబ్బంది పడేవాళ్ళు కాదు.

సవ్యసాచి:

మరి అనువాదాన్ని ఏ గట్టున పెడతారు? ఫైర్‌ఫాక్స్‌లో అది ముందు ఎక్స్‌టెన్షన్‌గా వచ్చింది, 2023లో 118వ వెర్షన్‌తో లోపలికి చేరింది. పేజీలోని రాత ఏ సర్వర్‌కూ పోదు. భాషకు కావలసిన నమూనాను ఒకసారి దించుకుని మన కంప్యూటరే అనువదిస్తుంది. వైద్య నివేదికో, బ్యాంకు ఉత్తరమో పరభాషలో చదవాల్సి వస్తే ఆ తేడా ఎంత పెద్దదో ఆలోచించండి. బయటి ఎక్స్‌టెన్షన్ అయితే ఆ రాతను ఎక్కడికి పంపుతోందో మామూలు మనిషి తెలుసుకోలేడు.

పాతకాపు:

అనువాదం ఉండనివ్వండి, పేజీ చదవడానికే కదా. కానీ అదే వాదనతో చాట్‌బాట్‌ను తెస్తే ఒప్పుకోను. అది చాలావరకు వేరే సంస్థ సర్వర్‌కు కట్టిన కిటికీ. దాన్ని ముందే ఉంచి, వద్దనుకున్నవాళ్ళు వెతికి ఆపుకోమనడం తలకిందుల పద్ధతి. కావాలన్నవాళ్ళే ఆన్ చేసుకోవాలి.

కొత్తకలం:

చదువుతున్నాను, చాలా తెలిసింది. ఒక సందేహం. ఎక్స్‌టెన్షన్లు పూర్తిగా మానేయలేను. ఉన్నవాటిలో ఏవి ఉంచాలో, ఏవి తీసేయాలో ఎలా తేల్చుకోవాలి?

నీలిమబ్బు:

ముందు జాబితా తెరిచి, బ్రౌజర్ తానే చేసే పనికి పెట్టుకున్నవి తీసేయండి. స్క్రీన్‌షాట్‌కు ఫైర్‌ఫాక్స్‌లో కంట్రోల్-షిఫ్ట్-ఎస్ ఉంది. వీడియోను చిన్న కిటికీలో తేల్చడానికి పిక్చర్-ఇన్-పిక్చర్ ఉంది. వందల ట్యాబుల్లో ఒకటి వెతకాలంటే చిరునామా పట్టీలో శాతం గుర్తు కొట్టి, ఖాళీ వదిలి పేరు రాయండి. నక్షత్రం గుర్తు పెడితే బుక్‌మార్కుల్లో మాత్రమే వెతుకుతుంది. వీటికోసం వేసుకున్న ఎక్స్‌టెన్షన్లు చాలామంది దగ్గర అలాగే పడి ఉంటాయి.

మిగిలినవాటి అనుమతులు చూడండి. క్రోమ్‌లో ఒక్కో ఎక్స్‌టెన్షన్‌కు "నొక్కినప్పుడు మాత్రమే", "ఫలానా సైట్లలో మాత్రమే" అని తగ్గించవచ్చు. ఒక్క సైటులో అవసరమైనదాన్ని ఆ సైటుకే కట్టడి చేయండి. ఫైర్‌ఫాక్స్‌లో "సిఫారసు చేసినవి" అనే ముద్ర ఉన్నవాటిని మొజిల్లా మనుషులు పరిశీలిస్తారు, ఒకే పనికి రెండు దొరికితే ముద్ర ఉన్నది తీసుకోండి.

వెలుగురేఖ:

ఫోన్ సంగతి కూడా కలపండి. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో 2023 డిసెంబరు నుంచి ఎక్స్‌టెన్షన్లు విస్తృతంగా దొరుకుతున్నాయి, ఫోన్లో క్రోమ్‌కు ఆ వీలు లేదు. అక్కడ లోపల ఏముంటే అదే గతి. పాతకాపు గారి సూత్రం ప్రకారం ఫోన్ బ్రౌజర్‌లో ట్రాకర్ల రక్షణ తప్ప ఇంకేం ఉండకూడదా? ఒంటిచేత్తో వాడేవాళ్ళ కోసం చిరునామా పట్టీని కిందికి దించడం, రాత్రిపూట పేజీని చీకటిగా మార్చడం వీటిని ఎటు వేస్తారు?

పాతకాపు:

పట్టీ కిందికి దించడం బ్రౌజర్ సొంత రూపం, అది ఉండాల్సిందే. పేజీని చీకటి చేయడం మాత్రం సైటు రంగుల్లో వేలు పెట్టడం. అది ఎక్స్‌టెన్షన్ పనే అంటాను.

వెలుగురేఖ:

నేను ఒప్పుకోను. వెలుతురు పడని కళ్ళకు అది అలంకారం కాదు, అక్షరాలు పెద్దవి చేసుకోవడం ఎంత అవసరమో అదీ అంతే అవసరం. మూలాక్షరం గారు చెప్పిన విభజన ప్రకారమైనా పునాది బ్రౌజర్‌లో పడాలి.